కడిగిన కాలు

తెల్లవారేసరికి ఆకాశం గండికోట దిక్కున మూసుకుని ఉంది. మబ్బు ఉంది, గాలి లేదు. కురిసే మబ్బు కాదది. ఎండను మాత్రం ఆపింది. జమ్మలమడుగులో ఆ వీధి ఆడవాళ్లు ఒకసారి పైకి చూసి, మిద్దెమీద ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తాలా వద్దా అని తేల్చుకోలేక లోపలికి పోయారు.

గురురాజారావు ఇంట్లో ఎవరూ పైకి చూడలేదు.

నిన్న సాయంత్రం పులివెందుల బస్సు దిగి వచ్చినప్పటి నుంచి ఆయన పడసాలలో పీటమీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎడమకాలు పంచె కింద మడిచి పెట్టుకున్నాడు. పడుకోమంటే పడుకోలేదు. అన్నం వద్దన్నాడు. భోక్తగా కూర్చోవలసిన మనిషి ముందు రాత్రి నుంచే పస్తుంటాడు. కాబట్టి ఆయన తినక ఇది రెండో రోజు.

తద్దినంలో పితృస్థానంలో కూర్చుని భోంచేసేవాడు భోక్త. ఆ పూటకు ఆయనే ఆ ఇంట్లో పోయిన తల్లి, పోయిన తండ్రి. ఇంటి యజమాని ఆయన కాళ్లు కడిగి ఆ నీళ్లు తలమీద చల్లుకుంటాడు. ఒంటిమీద పుండున్నవాడు అక్కడ కూర్చోకూడదు. ఈ మాట కడప జిల్లాలో సగం ఇళ్లకు చెప్పినవాడు గురురాజారావే.

నిన్న పులివెందులలో రిటైరైన హెడ్మాస్టరు ప్రహ్లాదరావు తల్లి తద్దినం. హెడ్మాస్టరు భార్య చెంబుతో నీళ్లు పోస్తున్నది. హెడ్మాస్టరు వంగి ఎడమకాలు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలికి పూసి ఆరబెట్టిన గోపీచందనం, నామాలు దిద్దుకునే పసుపు మట్టి, నీళ్లకు నాని, పచ్చటి బురదగా పళ్లెంలోకి జారింది. దాని కింద వేలు బొగ్గులా ఉంది. వేలి పక్కన పుండు.

 హెడ్మాస్టరు కాలు మెల్లగా కింద పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. కొడుకును పిలిచి, వెనక వీధికి పోయి ఇంకొకర్ని పిలుచుకుని రమ్మన్నాడు. ఆ వచ్చినవాడు కాళ్లు కడిగించుకుంటుంటే గురురాజారావు చెప్పులు చేతబట్టుకుని బయటికి వచ్చేశాడు. ఆయన్ను ఎవరూ పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

హెడ్మాస్టరు ఆ సంగతి ఒక్కరికే చెప్పాడు. కలమల్ల థర్మల్ ప్లాంటు ఆఫీసులో పనిచేసే ప్రణవ్‌కు. గురురాజారావు కొడుకు అతడు. భార్య సింధూను వెంటబెట్టుకుని తెల్లవారకముందే కారు మాట్లాడుకుని వచ్చాడు.

వచ్చి గంటయింది. అరుపులు అయిపోయాయి. ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. తగ్గించిన గొంతే ఎక్కువ గుచ్చుకుంటున్నది.

"లెయ్యి నాయనా. తిరుపతి డాక్టరు ప్రొద్దుటూరికి వారానికొకతూరి వస్తాడంట, ఈ పొద్దు వస్తాండాడు. కాల్లో రక్తం యాడిదాకా పోతాందో మిషన్లో చూస్తారు."

"సోమవారం నుంచి మాళయ పక్షాలు. అవి దాటనీ."

పితృదేవతల పక్షం అది. ఏడాది మొత్తానికి భోక్తలకు తీరిక లేని పక్షం. రోజుకో ఇల్లు ఒప్పుకుని ఉన్నాడాయన. ఏ ఇంటికి ఏ తిథో నోటికి ఉంది. మొదటి రోజు ప్రొద్దుటూరు వాళ్లది. మాట ఇచ్చి తప్పితే అప్పటికప్పుడు వాళ్లకు మనిషి దొరకడని, తన కాలికోసం వాళ్ల పెద్దలు పస్తుండాలా అని ఆయన వాదన.

ప్రణవ్ అంతా విన్నాడు. నేలవైపు చూస్తూ అన్నాడు.

"పుండు పెట్టుకొని కూచుంటే మాత్రం వాళ్లకు అందుతాదా?"

ఆ మాటకు గురురాజారావు తల ఎత్తలేదు. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. సింధూ మొగుడివైపు చూసి, చాలు అన్నట్టు తల ఊపింది.

 వీధిలో పాలవాడు పక్కింటి వాళ్లతో బేరమాడుతున్నాడు. ఆ బేరం అయిపోయింది.

అప్పుడు ప్రణవ్ హెడ్మాస్టరు చెప్పిన రెండో మాట బయటపెట్టాడు. ఈ రోజు సాయంత్రం లోపల చూపించుకోకపోతే, పక్షాలకు పిలిచిన ఇల్లిల్లూ తిరిగి తానే చెప్తానన్నాడట ప్రహ్లాదరావు. తిట్టలేదట. 

గురురాజారావు గోడ పట్టుకుని లేచాడు.

కాలికోసం లేవలేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన కండువా వేసుకుంటుండగా భార్య ఇందుమతి వంటింట్లోంచి వచ్చింది. ఆమె చేతిలో చిన్న ఇత్తడి గిన్నె. అందులో అప్పుడే అరగదీసిన గోపీచందనం. మొగుడు గడప దాటబోతే అది కలిపి తేవడం ఆ చేతికి అలవాటైపోయింది. పడసాల మధ్యకు వచ్చాక కొడుకు చూపు గిన్నెమీద పడింది. ఆమె నిలబడిపోయింది.

"నీకు తెల్సునా అమ్మా?"

 ఇందుమతి గిన్నె కొంగు చాటుకు తీసుకుంది. దాచినందువల్ల అది ఇంకా పెద్దదిగా కనబడింది.

ప్రణవ్ చెప్పులేసుకుని కారు దగ్గరికి పోయాడు. ఉగాదికి వచ్చి తండ్రి కాళ్లకు మొక్కింది అతనికి గుర్తొచ్చింది. కుడికాలు వెచ్చగా, ఎడమకాలు రాయిలాగా తగిలాయి. అప్పుడే కాళ్లు కడుక్కుని వచ్చినాడులే అనుకున్నాడు. రెండు కాళ్లూ కడుక్కున్న మనిషికి ఒక కాలే ఎందుకు చల్లబడుతుందో అనుకోలేదు. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

ఇంటి వంట సింధూకు వదిలి ముగ్గురూ కారెక్కారు. వీధి మలుపు ఇంటి ముసలామె అఖ్తర్ బీ తన అరుగుమీద కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నది. కారు ఆపించి, యాడికి సామీ పొద్దున్నే అని అడిగింది. ఇందుమతి అద్దంలోంచి, పెండ్లికి అనింది. అఖ్తర్ బీ ఆమె మెడలోని పాత గొలుసును, కట్టుకున్న నూలు చీరను చూసింది. మంచిది పోయి రండమ్మా అనింది.

---

ప్రొద్దుటూరులో డాక్టరు నడివయసు మనిషి. తొందరలేని చేతులు. గురురాజారావును మంచంమీద పడుకోబెట్టి, పాదంమీద వేళ్లు పెట్టి నాడి వెతికాడు. తర్వాత చీలమండ వెనక. తర్వాత మోకాలి వెనక. కుడికాలికి త్వరగానే తల ఊపాడు. ఎడమకాలి దగ్గర చాలాసేపు ఆగాడు. కళ్లు మూసుకుని మళ్లీ వెతికాడు.

వేలికి ఏమయింది అని అడిగాడు. గుడి మెట్లకాడ రాయి తగిలిందని గురురాజారావు చెప్పాడు. ఎన్నాళ్లయింది అంటే పది దినాలు అన్నాడు. నడిస్తే పిక్క పట్టేస్తుందా అంటే, లేదు, ఎంత దూరమైనా నడుస్తాను అన్నాడు. తద్దినం మంత్రం చెప్పినంత నిబ్బరంగా చెప్పాడు. గోడకు నిలబడిన ఇందుమతి ఆ మూడు జవాబులూ వింటూ గాజులు పైకి తోసుకుంది.

పొగాకు అలవాటు ఉందా అని అడిగితే నడుములోంచి పొడుం డబ్బీ తీసి బల్లమీద పెట్టాడు. అది ఒక్కటే ఆయన ఒప్పుకున్నది. చక్కెర జబ్బు ఉందా అంటే మాత్రలు మింగుతున్నానన్నాడు. భోక్తకు పెట్టింది వద్దనకూడదు. పాయసం రెండోమారు పోసినా తాగాలి. ఆ సంగతి డాక్టరు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

చేతికి కట్టే బి.పి. పట్టీనే చీలమండకు కూడా కట్టి చూశారు. మామూలుగా రెండుచోట్లా ఇంచుమించు ఒకటే ఉండాలట. కుడికాలికి కొంచెం తగ్గింది. ఎడమకాలికి చేతిలో ఉన్న దానిలో సగం కూడా రాలేదు. డాక్టరు రక్తప్రసరణ చూసే డాప్లర్ పరీక్షకు పంపాడు.

డాప్లర్ గదిలో ఏసీ చలి. మిషను పక్కన కూర్చున్న అమ్మాయి తల ఎత్తింది. గురురాజారావు తలుపు దగ్గరే ఆగిపోయాడు. అఖ్తర్ బీ మనమరాలు ఆర్షియా. చిన్నప్పుడు ఆయన అరుగుమీద ఎక్కాలు చదువుకున్న పిల్ల.

"రాండి సామీ. పెండ్లి ఈడనేనా?" అనింది. అని నాలుక కరుచుకుంది. "మా నానీ ఫోను చేసె. పెండ్లికి పోతాండారు, కట్టుకునింది మాత్రం నూలు చీర అని."

ఇందుమతి నేలచూపు చూసింది. ఆర్షియా ఇంకేమీ అనకుండా మంచంమీద కాగితం పరిచింది.

పరీక్ష గజ్జల దగ్గర నుంచి మొదలుపెట్టాలి. కాసెపోసి కట్టిన పంచె వదులు చేయాలి. గురురాజారావు పంచె అంచు పట్టుకుని వదలలేదు. మగవాళ్లు లేరా అని అడిగాడు. ఉన్న ఒక్కడూ ఈ రోజు సెలవని ఆర్షియా చెప్పింది. ఇంకో రోజు వస్తానన్నాడు. ప్రణవ్ బయటినుంచి విని తలుపు నెట్టబోయాడు. ఇందుమతి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆర్షియా ఒక దుప్పటి తెచ్చి ఆయన నడుముమీద కప్పింది. దుప్పటి కింద ఆయన్నే సర్దుకోమని గోడవైపు తిరిగి నిలబడింది. నిలబడే అనింది.

"నేను కాలు చూస్తా సామీ. మనిషిని చూడను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. యాడన్నా మీరు కనబడితే మీ మొగమే గుర్తుంటాది."

ఆయన సర్దుకున్నాడు.

చల్లటి జిగురు పూసి, చేతిలో పట్టే చిన్న యంత్రాన్ని కుడి తొడమీద పెట్టింది. తెరమీద ఎరుపు, నీలం కదిలాయి. ఆయన కళ్లు మూసుకున్నాడు. అప్పుడు గదిలో చప్పుడు మొదలయింది. తన రక్తం పారే చప్పుడని ఆయనకు తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

ఎత్తుగా ఒకటి. వెంటనే వెనక్కి లాగినట్టు చిన్నది. ఆ వెనకే మెల్లగా ఇంకొకటి. మళ్లీ అదే వరస.

ఆయన చెవి దాన్ని వదల్లేదు. పిల్లవాడుగా ఉన్నప్పుడు గురువు తలపట్టి ఎత్తి, దించి, పక్కకు తిప్పి నేర్పిన మూడు స్వరాలు. వేదం చదివేవాడికి మూడిట్లో ఏది తప్పినా తప్పే. కుడికాల్లో మూడూ ఉన్నాయి. కింద పాదం దగ్గర కొంచెం బలహీనపడ్డాయి కానీ ఉన్నాయి.

ఆర్షియా ఎడమకాలికి వచ్చింది. గజ్జల దగ్గర మూడు స్వరాలూ వినబడ్డాయి. తొడ మధ్యకు వచ్చేసరికి చప్పుడు పోయింది. ఆమె యంత్రాన్ని అటూ ఇటూ జరిపింది. గట్టిగా అదిమింది. మోకాలి కింద మళ్లీ ఏదో దొరికింది. ఒకటే స్వరం. ఎత్తు లేదు, దింపు లేదు. ఊపిరి ఆడని మనిషి చదివినట్టు సాగి సాగి ఆగుతున్నది.

పాదంమీద ఏమీ లేదు.

ఆర్షియా పాదం దగ్గర చాలాసేపు వెతికింది. మాటలు మానేసింది. ఎవరూ చెప్పక ముందే గురురాజారావుకు తెలిసిపోయింది. ఆయన కళ్లు తెరవలేదు. తుడుచుకోమని ఆమె కాగితం ఇస్తే దాంతో కాలు కాక మొహం తుడుచుకున్నాడు.

---

అక్కడితో అయిపోలేదు. అడ్డం ఎక్కడుందో, ఎంత పొడవుందో సరిగ్గా తెలియాలంటే సీటీ యాంజియో తీయాలన్నారు. మందు ఎక్కించి తీసే పరీక్ష అది. కిడ్నీలు ఆ మందును తట్టుకుంటాయో లేదో ముందు రక్తం చూశారు. ఫర్వాలేదన్నారు. చేతి నరంలో సూది పెట్టి, పెద్ద గుండ్రటి యంత్రంలోకి కాళ్లు ముందుగా తోశారు. మందు పోయేటప్పుడు ఒళ్లు వేడెక్కుతుంది, భయపడొద్దు అని లోపలినుంచి మైకులో ఎవరో చెప్పారు.

వేడి గొంతులోకి వచ్చింది. కడుపులోకి దిగింది. కుడి అరికాలిదాకా పోయింది. ఎడమకాలికి కూడా వస్తుందని ఆయన కాచుకున్నాడు. యంత్రం ఆగేదాకా కాచుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక డాక్టరు ముగ్గుర్నీ లోపలికి పిలిచాడు. కంప్యూటరులో కాళ్ల బొమ్మ ఉంది. చర్మం లేదు, కండ లేదు. ఎముకలు, వాటి పక్కన తెల్లగా పారే దారులు. కుడికాలిలో దారి అక్కడక్కడా సన్నబడి పాదందాకా పోయింది. ఎడమకాలిలో తొడ మధ్యన కోసేసినట్టు ఆగింది. అక్కడినుంచి వెంట్రుకల్లాంటి పోగులు పక్కలకు పాకి, మోకాలి కింద ఎక్కడో మళ్లీ ఒక సన్నటి గీతలో కలిశాయి.

"పెన్న ఎండినప్పుడు చూసింటారు కదా. పైన నీళ్లుండవు, ఇసుకలో ఊట పోతాంటాది. ఈ పోగులు అట్లాంటివి. ఇన్నాళ్లూ ఈ ఊటే కాలును బతికించింది." డాక్టరు కుర్చీ గురురాజారావువైపు తిప్పాడు. "ఇవి పది దినాల్లో పుట్టవు. మీరేమో పది దినాలంటాండారు. ఉన్నట్టుండి రక్తం గడ్డ వచ్చి అడ్డం పడితే వైద్యం వేరు. ఏండ్లుగా పూడుకుంటా వస్తే వేరు. బొమ్మ సగమే చెప్తాది. తక్కిన సగం మీరు చెప్పల్ల. రాయి ఎప్పుడు తగిలింది?"

"పది దినాలే."

"సరిగ్గా గుర్తు చేసుకోండి."

"గుర్తుండే చెప్తాండా."

ప్రణవ్ నోరు తెరవబోయాడు. అతనికి తెలిసింది ఏమీ లేదు. మూసుకున్నాడు.

అప్పుడు తలుపు పక్కన నిలబడి ఉన్న ఇందుమతి మాట్లాడింది. పరాయి మగవాళ్ల ముందు మొగుడి మాటకు అడ్డం పోవడం ఆమె పెళ్లయినప్పటి నుంచి ఎవరూ చూసింది లేదు.  

"రాయి కాదు. నేను కాల్చినా."

గురురాజారావు చటుక్కున తిరిగాడు. "ఆమెకేం తెల్దు. ఊరుకోమనండి."

డాక్టరు ఆయన్ను ఊరుకోమని చేయి చూపి, చెప్పమ్మా అన్నాడు.

ఆమె చెప్పింది. మొగుడివైపు కానీ కొడుకువైపు కానీ చూడకుండా, బొమ్మలో ఆ తెగిపోయిన చోటునే చూస్తూ చెప్పింది. చలికాలం నుంచే ఆ కాలు ఐసు ముక్కలా ఉండేది. రాత్రిళ్లు నొప్పితో లేచి మంచంమీద నుంచి కాలు వేలాడేసుకుని కూర్చునేవాడు. ఉగాది ముందు ఒక రాత్రి ఆమె పెనంమీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టింది. కాలుతాందా అంటే లేదన్నాడు. ఇంకా వేడి చేసింది. ఇంకా పెట్టు, హాయిగా ఉందన్నాడు. తెల్లవారి చూస్తే బొటనవేలిమీద బొబ్బ. అది పగిలింది, మానలేదు. పసుపు పెట్టారు, వేపాకు పెట్టారు. పోయిన నెల నుంచి నల్లబడింది.

"బయట తెలిస్తే పిలవరని ఆయన భయం. నా చెయ్యని తెలిస్తే నన్ను ఏమంటారో అని కూడా. గోపీచందనం పూద్దామనింది నేనే. రోజూ నేనే అరగదీసిస్తి."



డాక్టరు నడక సంగతి అడిగాడు. ఆమె అదీ చెప్పింది. బస్టాండు నుంచి ఇంటికి వచ్చేలోపల ఆయన మూడు చోట్ల నిలబడతాడు. పిక్క పట్టేసి అడుగు పడదు. ఊరికే నిలబడితే చూసేవాళ్లు ఏమనుకుంటారో అని, ఎదురొచ్చినవాళ్లను ఆపి ఆ రోజు తిథీ నక్షత్రం చెప్తాడు. సామికి ఈమధ్య మాటలు ఎక్కువైనాయని వీధిలో నవ్వుకుంటారు.

ప్రణవ్ కిటికీవైపు తిరిగాడు. తనను కూడా రెండుసార్లు రోడ్డుమీద నిలబెట్టి ఏకాదశి ఎప్పుడో చెప్పాడు నాయన. ఆఫీసుకు టైమవుతాందని విసుక్కున్నాడు.

"బొబ్బ మీదే అమ్మా, అడ్డం మీది కాదు. చక్కెరకు తోడు పొడుం. ఏండ్లుగా పూడుకుంటా వచ్చింది. ఆ కాలికి స్పర్శ పోయింది కాబట్టే హాయిగా ఉందన్నారు," అన్నాడు డాక్టరు.

ఆమెకు అది ఓదార్పుగా తగిలినట్టు లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు ఇక దాచకుండా చెప్పాడు. గజ్జల దగ్గర నుంచి తీగ పంపించి, బుడగతో దారి తెరవచ్చు. స్టెంటు వేయవలసి రావచ్చు. వేలు ఎట్లాగూ పోయినట్టే. పాదం నిలుస్తుందా లేదా అన్నది ఎంత త్వరగా వస్తారన్నదాని మీద ఉంది. ఆలస్యమైతే మోకాలి దాకా తీయవలసి వస్తుంది. సోమవారం తిరుపతికి రమ్మన్నాడు.

సోమవారం.

ప్రణవ్ తండ్రివైపు చూశాడు. ఇందుమతి చూడలేదు. గురురాజారావు బల్లమీద ఉన్న పొడుం డబ్బీని చూస్తున్నాడు. దాన్ని అక్కడే వదిలేసి లేచాడు. వస్తామనీ రామనీ చెప్పలేదు.

---

తిరుగుదారిలో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. ఇందుమతి, ప్రణవ్ వెనక. ప్రొద్దుటూరు దాటేదాకా ప్రణవ్ తిరుపతిలో బస సంగతి మాట్లాడాడు. ఎవరూ అందుకోకపోతే ఆపేశాడు. ఒకచోట గురురాజారావు వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అంతమంది ముందర చెప్పల్లనా?"

"ముగ్గురే ఉన్నారు," అనింది ఇందుమతి.

"నా కొడుకు ఉన్నాడు."

 ప్రణవ్‌కు కారు దిగి నడిచిపోతే బాగుండుననిపించింది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. అఖ్తర్ బీ అరుగుమీదనే ఉంది. పెండ్లి బాగా జరిగిందా అని అడగలేదు. కారు పోయేదాకా వక్కల కత్తెర ఆపి, ఆ తర్వాత మళ్లీ కత్తిరించుకుంది.

సింధూ అన్నం, పప్పు, వంకాయ కూర చేసి పెట్టింది. కాలు మడవొద్దని డాక్టరు చెప్పాడని ప్రణవ్ చెప్తే, లోపలి బల్ల ఖాళీ చేసి నాలుగు కుర్చీలు వేసింది. ఆ ఇంట్లో మగవాళ్లు కింద కూర్చుని తిని లేచాక ఆడవాళ్లు తింటారు. సింధూ నాలుగు కంచాలు పెట్టింది. పెట్టి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఒక క్షణం చూసింది.

గురురాజారావు కుర్చీలో కూర్చున్నాడు.  ఇందుమతి వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. వడ్డించడానికి ముందుకు రాలేదు. తన చేతి అన్నం ఆయన ముడతాడో లేదో ఆమెకు తెలియలేదు.

అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది.

తీసి చూశాడు. ప్రొద్దుటూరు వాళ్లు. సోమవారం నాటి ఇల్లు. పొద్దున ఎన్నింటికి వస్తారో అడగడానికి అయి ఉంటుంది. ఫోను చేతిలో మోగుతూనే ఉంది. ఆయన ఎత్తలేదు, ఆపలేదు. నలుగురూ దాన్నే చూస్తున్నారు.

ఆయన ఫోను కొడుకువైపు జరిపాడు.

"నువ్వు చెప్పు."

"ఏం చెప్పల్ల నాయనా? ఊర్లో లేవని చెప్పనా?"

గురురాజారావు తల అడ్డంగా ఊపాడు. 

"ఉండేది చెప్పు. ఉగాది నుంచి ఉందని చెప్పు. వాళ్ల నాయన తద్దినం ఆషాఢంలో చేసిరి. అప్పుడు కూచుంది కూడా ఈ కాలుతోనే అని చెప్పు."

ప్రణవ్ ఫోను తీసుకుని వీధిలోకి పోయాడు. తలుపు దగ్గరికి వేశాడు. లోపలికి మాటలు వినబడలేదు. అతను మాట్లాడింది కొంచెమే. తర్వాత చాలాసేపు వింటూ నిలబడ్డాడు. కిటికీలోంచి అతని వీపు ఒక్కటే కనబడింది.

వచ్చి కూర్చున్నాడు. ఫోను బల్లమీద బోర్లించి పెట్టాడు. వాళ్లు ఏమన్నారని గురురాజారావు అడగలేదు.  

గురురాజారావు నాలుగో కుర్చీవైపు చూశాడు. అది ఖాళీగా ఉంది. ఆయన దాన్ని చేత్తో కొంచెం వెనక్కి లాగాడు.

ఇందుమతి గడప దాటి వచ్చి కూర్చుంది.

ఇల్లిల్లూ పెట్టించుకుని తిన్న చెయ్యి ఆయనది. గరిటె పట్టుకోవడం సరిగా రాదు. ఆయన అన్నం గిన్నె దగ్గరికి లాక్కుని, ఆమె కంచంలో పెట్టాడు. సగం బల్లమీద పడింది. మళ్లీ పెట్టాడు. ఆమె తినే దానికి రెండింతలయింది. ఆమె చాలు అనలేదు. పడిన మెతుకులు ఏరి కంచంలో వేసుకుంది.

నలుగురూ తినడం మొదలుపెట్టారు. ఎవరూ పప్పు అడగలేదు. సింధూ చూసి చూసి వేసింది. 

బోర్లించిన ఫోను మళ్లీ మోగింది. బల్ల వణికింది. ప్రణవ్ అంచు పట్టి ఎత్తి చూశాడు. ఈసారి ప్రొద్దుటూరు వాళ్లు కాదు. ఇంకో ఊరు, ఇంకో ఇల్లు. వీళ్లు ఎన్నడూ సాయంత్రం పూట చేసేవాళ్లు కాదు. సంగతి అప్పుడే అక్కడికి చేరినట్టుంది.

అతను తండ్రికి చూపించాడు. గురురాజారావు పేరు చదివాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

అది మోగినంతసేపూ మోగింది. ఎవరూ లేవలేదు. తల వంచుకుని అన్నం తింటూనే ఉన్నారు.